చివరి గీత కింద అంకె

పేపర్లన్నిటినీ ఒకే గాటన కట్టి మా సగటు పాయింటు కిందికి లాగింది మేం చదివే కాలేజీ పరీక్షల విభాగం. ఆ తప్పు దిద్దమని వాళ్ల గడప అరిగేలా తిరిగిన మా లెక్కల సార్ గురువారం పొద్దున గుండె ఆగి పోయారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాయాల్సి వస్తుందని అనుకోలేదు.

కొత్త పద్ధతిలో పేపరు పేపరుకూ వేరు వేరు క్రెడిట్లు. వచ్చిన పాయింటును క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించాలి. ఆఫీసు మాత్రం పాత అలవాటున పాయింట్లు కూడి, పేపర్ల సంఖ్యతో భాగించేసింది. నాలుగు క్రెడిట్ల గణితంలో ఎనిమిది, రెండు క్రెడిట్ల పేపరులో అయిదు వస్తే సగటు ఏడు కావాలి. వీళ్ల లెక్కలో ఆరున్నర! ఎమ్మెస్సీ సీటుకు ఏడు ఉండాలి. మా క్లాసులో గణితం అందరికంటే బాగా వచ్చిన దోర్ల తెగ అమ్మాయి అచ్చం ఇలాంటి తేడాతోనే ఆగిపోయింది. దరఖాస్తుకు వచ్చే వారమే ఆఖరు.

ఈ సూత్రం సార్ మాకు కొంటా సంతలో చెప్పారు. చింతపండు బస్తా నా భుజానికెత్తి, ఉసిరికాయల సంచి నా స్నేహితుడి చేతికిచ్చారు.

"చెరొక సామాను. ఇద్దరిదీ సమానమే కద?"

"ఏంది సార్, మెడ ఇరుగుతాంది!"

"ఆ ఇరిగేదే క్రెడిట్ రా."

సంతంతా నవ్వింది. బస్తా మాత్రం సార్ ఇంటిదాకా దించనివ్వలేదు.

ఆయన అతిథి అధ్యాపకుడు. ఏటేటా ఉద్యోగం కొత్తగా అడుక్కోవాల్సిన మనిషి. ఆఫీసు గుమాస్తా బాబు ఆ నొప్పి మీదనే కొట్టాడు: "మీరు అతిథి, చాయ్ తాగి పోండి సార్. కంప్యూటర్ తప్పు చెప్తదా?"

"నువ్వు చెప్పిందే కద అది తిరిగి చెప్తది, తమ్మీ," అన్నారు సార్, చాయ్ ముట్టకుండా.

బయటికి రాగానే నేను గేటుకు తాళం వేద్దామని రంకెలేశాను. సార్ నా భుజం మీద చెయ్యేశారు. "తాళమేస్తే లోపల తప్పు గూడ భద్రంగనే ఉంటది రా. లెక్క చూపియ్యాలె."

బోర్డు మీద ఏ లెక్కకూ జవాబు ఆయన రాసేవారు కాదు. చివరి గీత గీసి, సుద్దముక్క బెంచీల వైపు చాచేవారు. "కింద అంకె మీది."

శుక్రవారం పరీక్షల విభాగం నుంచి కబురొచ్చింది: సోమవారం విద్యార్థులొచ్చి లెక్క చూపితే, మార్కుల పత్రాలు సరిచేస్తారట. రెండు రోజుల ముందు వచ్చి ఉంటే ఆ మాట ఆయన చెవిన పడేది. నా కోపానికి ఇప్పుడు భుజం మీద చెయ్యి లేదు.

మిత్రులారా, సోమవారం పొద్దున పదకొండు గంటలకు మా క్లాసు గదికి రండి. మార్కుల పత్రాలు తెచ్చుకోండి. ఆ దోర్ల అమ్మాయి లెక్కతోనే మొదలుపెడదాం. సార్ బుధవారం దాన్ని బోర్డు మీద వేసి వెళ్లారు. ఎవరూ తుడవలేదు. చివరి గీత అలాగే ఉంది, కింద చోటు ఖాళీగా.