మూడు వారాల హెడ్ కోచ్

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఉండదు. ఎడారి దేశానికొచ్చి, అల్ ఖువైర్‌లో ఓ బిల్డింగులు కట్టే కంపెనీ ఆఫీసులో చేరి ఐదు నెలలైంది. ఆరో నెలాఖరుకి మేనేజర్ సంతకం పెడితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి టికెట్. ఆయన అమెరికాలో నాలుగేళ్లుండి, అక్కణ్ణుంచి కోడిగుడ్డు ఆకారపు బంతినీ, దానిమీద భక్తినీ తెచ్చుకున్నాడు. మరో మూడు వారాలకి పక్క కంపెనీతో మ్యాచ్ కూడా కుదిర్చేశాడు. "తుమ్ పఢే లిఖే హో, హెడ్ కోచ్ బన్ జావ్. మ్యాచ్ జిత్వాదో, కన్ఫర్మేషన్ లేలో" అన్నాడు. చదువుకున్నవాణ్ణి కాబట్టి నేనే హెడ్ కోచ్‌నట; మ్యాచ్ గెలిపిస్తే ఉద్యోగం ఖాయమట. అమెరికన్ ఫుట్‌బాల్‌ని ముఖ్యంగా చేత్తో ఆడతారని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. (ఆ ఆట తొలినాళ్లలో కోచ్ అనేవాడు తానే ఆడి, తానే టికెట్లు అమ్మి, తానే ఓడేవాడని కూడా చదివాను. వీటిలో చివరిది మాత్రమే నాకు అబ్బింది.)

జట్టంతా సైట్‌లో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ వాళ్లు. శుక్రవారాలు బౌషర్‌లో తాముండే రూముల వెనక ఇసుకలో కబడ్డీ ఆడేవాళ్లు. మా ఆటలో కింద పడేయడాలు లేవు. నడుముకి వేలాడే రిబ్బను లాగేస్తే మనిషి ఆగిపోవాలి. బంతితో అవతలి గీత దాటితే పాయింట్లు. ఇవన్నీ గంటసేపు చదివి వినిపించాను. అందరూ చిరుత అని పిలిచే సెంట్రింగ్ మేస్త్రీ ఓపిగ్గా విని, "గిదంత గాదు సార్, ఒక్క ముక్కల చెప్పు" అన్నాడు.

"కబడ్డీ లాంటిదే అన్నా. చేతిలో బంతి ఉంటుంది, అంతే."

అందరి మొహాలూ వెలిగాయి. నా కోచింగ్ అక్కడితో పూర్తయిందనుకున్నాను. అయింది కూడా.

మ్యాచ్ రోజున ఆఖరి నిమిషం దాకా స్కోరు సమానం. బంతి చిరుతకి అందింది. ఒకణ్ణి తట్టి తప్పించుకున్నాడు, ఇంకో ఇద్దర్నీ అలాగే తట్టి తప్పించుకున్నాడు; అవతలి గీత రెండడుగుల్లో ఉంది. నా కన్ఫర్మేషన్ కూడా. అక్కడ చివరివాడి భుజం మీద ఒక్క చరుపు చరిచి, గిర్రున తిరిగి, మైదానమంతా వెనక్కి పరిగెత్తి మా గీత దాటి నిలబడ్డాడు. వెంట వచ్చినవాడు తీరిగ్గా రిబ్బను లాగాడు. సొంత గీత వెనక దొరికిపోతే ఎదుటివాళ్లకి రెండు పాయింట్లు. మ్యాచ్ వాళ్లది.

"నల్గుర్ని ముట్టొచ్చిన సార్!" అన్నాడు చిరుత రొప్పుతూ. "కూత గూడ ఆపలె!"

మేనేజర్ వచ్చి, "యే క్యా థా?" అని ఇదేం ఆటన్నట్టు చూశాడు. నేను నోరు తెరిచేలోగా, నా మొహం చూసి చిరుతే చెప్పాడు: "సార్ సహీ సిఖాయే. మైఁ భూల్ గయా." నేను సరిగ్గానే నేర్పానట, తనే మర్చిపోయాడట. ప్రొబేషన్‌లో ఉన్నవాడు నిజం కోసం తొందరపడడు. నేనూ పడలేదు.

కోచ్ తప్పు లేదని సంతకం వచ్చింది. బంతి బీరువాలోకి పోయింది. సిగ్గుపడుతూ చిరుత రూమ్‌కి వెళితే, "నాకేం పోతది సార్? నా పని చేతులల్ల ఉన్నది. నీదే కాయితంల ఉన్నది" అని చాయ్ పోశాడు.

చిరుత ఊరెళ్లిపోయి చాలాకాలమైంది. సొంత సెంట్రింగ్ సామాను కొనుక్కున్నాడట. నేను ఈ ఎడారి దేశంలోనే ఉండిపోయాను. ఇక్కడ ఘుబ్రాలో, టీవీలో ఆ ఆట వస్తే, గీత దగ్గరికి చేరినవాడికల్లా "ఇక వెనక్కి రారా నాయనా" అంటుంటాను. మా ఆవిడ విచిత్రంగా చూస్తుంది. చిరుత ముట్టాల్సినవాళ్లని ముట్టి, ఊపిరి ఉండగానే తన గీతకి చేరుకున్నాడు. ఆట తెలియనిది అతనికే అనుకున్నాను. నేను మాత్రం ఇంకా అవతలి కోర్టులోనే కూత పెడుతున్నాను.