నాలుగో చేపా, నా చేతులూ

నా చిన్నప్పుడు నాంపల్లి మొత్తానికీ రంగు చేపల అద్దాల తొట్టి ఉన్నది ఒక్క మా ఇంట్లోనే. నిలువెత్తు తొట్టి, నలభై చేపలు, అడుగున పచ్చని అడవి! చూడవచ్చిన జనం వరుస స్టేషన్ దాకా ఉండేదంటే నమ్మండి.

సరే, మనవరాలు పక్కనే కూర్చుని నేను రాసేది చదువుతోంది కాబట్టి కాస్త తగ్గిస్తాను. అది తొట్టి కాదు, మూత పగిలిందని ఇరానీ హోటల్ వాళ్లు పారేయబోతుంటే మా నాన్న అడిగి తెచ్చిన బిస్కెట్ల గాజు జాడీ. చేపలు నాలుగు. ఆదివారం అబిడ్స్‌లో నాన్న పాత పుస్తకాలు తిరగేస్తుంటే, ఫుట్‌పాత్ మీద సీసాలో ఈదుతున్న గప్పీ చేపల ముందు నేను కూలబడి ఏడ్చి కొనిపించుకున్నవి. అడవి మాత్రం నిజమే.

మా వాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఊరు మారినా మా అమ్మ శుక్రవారం మారలేదు. ఇల్లు కడగాలి, గడపకు పసుపు రాయాలి, ఇత్తడి సామానంతా చింతపండుతో తోమాలి. ఆమె పక్కనే కూర్చుని నేనూ నా జాడీ తోమేవాణ్ణి. గులకరాళ్లకు బట్టల సబ్బు, గాజుకు చింతపండు, ఆ పైన నిండుగా కుళాయి నీళ్లు. జాడీ తళతళలాడేది. శనివారం పొద్దున ఒక చేప తేలేది. మురికి ఇంకా పోలేదేమోనని మరుసటి వారం మరింత గట్టిగా తోమేవాణ్ణి. మూడు శుక్రవారాలకు మూడు చేపలు పోయాయి.

"ఇదీ పోయిందంటే ఈ ఇంట్లో మళ్లీ చేప మాట ఎత్తకు" అన్నారు నాన్న. అరవకుండా అన్నారు, అందుకే భయమేసింది. తోక మీద నారింజ చుక్క ఉన్న నాలుగో చేప పైకి వచ్చి నోరు తెరుస్తోంది. జాడీ ఎత్తుకుని పక్కింటి అక్క దగ్గరికి పరిగెత్తాను.

ఆ అక్కది తెలంగాణ పల్లె. కోఠిలో ఆడపిల్లల కాలేజీలో బాటనీ చదివేది. నా గోడంతా విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందిరా, చేపను సాదుతున్నవా, చెంబు తోముతున్నవా?"

"శుభ్రం చేస్తున్నా అక్కా!"

"గిది కడుగుడు కాదు, సంపుడు. నీళ్లకు గూడ జర కుదురుకునే టైమియ్యాలె కదరా."

చేపను వాళ్ల పెరట్లోని నీళ్ల గోలెంలో వదిలింది. పెరటి మట్టిని జల్లించి జాడీ అడుగున రెండు వేళ్ల మందాన పరిచింది. దానిపైన వట్టి నీళ్లతో కడిగిన ఇసుక. ఒక రోజంతా బకెట్లో ఉంచి క్లోరిన్ మందు వాసన పోగొట్టిన కుళాయి నీళ్లను, ఇసుక చెదరకుండా సాసర్ మీదుగా పోసింది. కాలేజీలో మేడమ్‌ను అడిగి తెచ్చిన నీటిమొక్కలు నాటింది. పొద్దుటెండ కాసేపే తగిలే మా కిటికీలో జాడీని పెట్టి, రెండు వారాలు ముట్టుకోవద్దంది. అప్పటిదాకా చేప కూడా వద్దంది.

రెండు వారాలే! తొమ్మిదేళ్లవాడికి అదొక యుగం. నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఉత్త జాడీ అనుకుంటున్నవా? దీన్ల ఒక జీవి ఉంది. దానికి మస్తు సిగ్గు. నీళ్లు కదిలితే బయటికి రాదు."

ఇక నేను కిటికీ వదల్లేదు. మబ్బుగా ఉన్న నీళ్లు తేటపడ్డాయి. ఒక ఉదయం ఎండ తగిలిన ఆకుల నుంచి సన్నని బుడగలు వరుసకట్టి పైకి లేచాయి! జీవి ఊపిరి తీస్తోందని కేకపెట్టాను. అది మొక్క విడిచే గాలి అని అక్క చెప్పింది. పదో రోజున ఆకు అడుగు నుంచి ఆవగింజంత నత్త ఒకటి కొమ్ములు చాచుకుని గాజు మీదికి నడిచి వచ్చింది! దొరికింది, దొరికిందని వీధంతా అరిచాను. అప్పుడు వచ్చిన జనమే నేను మొదట చెప్పిన వరుస. అమ్మ, అక్క, పాలాయన.

రెండు వారాలకు నాలుగో చేప అడవిలోకి వెళ్లింది. శుక్రవారం అమ్మ చింతపండు నానబెట్టింది. నేను జాడీలోంచి రెండు గ్లాసుల నీళ్లు తీసి, నిలవ నీళ్లు రెండు గ్లాసులు పోసి లేచాను. శనివారం కళ్లు మూసుకునే కిటికీ దగ్గరికి వెళ్లాను. తెరిస్తే నారింజ చుక్క! ఆకుల మధ్య గిరగిరా తిరుగుతోంది! నాన్న వచ్చి గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశారు. ఆదివారం ఆయనే, "పద, అబిడ్స్‌కి" అన్నారు.

మొన్న మా బషీర్‌బాగ్ ఫ్లాట్‌లో మనవరాలితో కలిసి మళ్లీ మట్టి జల్లించాను. సిగ్గుపడే జీవి సంగతి దానికీ చెప్పాను. అక్క ఆనాడు నన్ను ఆపడానికి కల్పించిందనీ, నత్త అదృష్టవశాత్తూ వచ్చిందనీ నా నమ్మకం. అయితేనేం, ఆ రెండు వారాలూ చేతులు వెనక్కి కట్టుకుని, నీటిబొట్టు ముట్టకుండా నిలబడ్డాను. ఇప్పటికీ దేన్నైనా వెంటనే బాగుచేసేయాలని అరచేతులు దురదపెడితే, ముందు చేతులు వెనక్కి పెట్టుకుంటాను.

ఇదంతా మనవరాలు ఫోన్‌లో అక్కకు చదివి వినిపించింది. అవతల కాసేపు దగ్గు, తర్వాత గొంతు.

"ఆకుకు నత్త గుడ్లు చూసే చెప్పిన, నేనెందుకు కల్పిస్త? ఇగ చేతులు కట్టుకున్నది వాడు కాదు బిడ్డా. మూడో నాడే మోచేతి దాక ముంచిండు. నా జడ రిబ్బన్‌తోని నేనే ఎనక్కి కట్టిన. ఆ రిబ్బన్ ఇంక ఇయ్యలే, అడుగు."