సోహ్నా దారిలో గుదడీల ఊరు, పన్నెండో గడి

ఢిల్లీ చుట్టుపక్కల చేత్తో బొంతలు కుట్టే ఊళ్ళు ఎక్కడున్నాయి, ఎలా వెళ్ళాలి అని ఈమధ్య కొందరు అడుగుతున్నారు. నాకు తెలిసిన ఊరు ఒక్కటే. అక్కడికి వెళ్ళింది కూడా ఒక్కసారే, ఎమర్జెన్సీ రోజుల్లో, డెబ్బై ఆరు కార్తీకంలో. ఇన్నేళ్ళూ దాని గురించి రాయలేదు. మొన్న ఇక్కడి తెలుగువాళ్ళు వేసిన ప్రత్యేక సంచిక ఒకటి చేతికొచ్చింది. అందులో మా పాత సూపరింటెండెంటు పరాంకుశం గారి మీద నాలుగు పేజీల స్మృతి వ్యాసం ఉంది. ఆయన చీమకైనా హాని తలపెట్టని మనిషట. చీమల సంగతి నాకు తెలియదు. మనుషుల సంగతి తెలుసు కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో నేను గుమాస్తాని. సరోజినీ నగర్ క్వార్టర్సులో భార్యతో, ఇద్దరు పిల్లలతో ఉండేవాణ్ణి. అనంతపురం జిల్లాలో మా అమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆ పని నాకూ అబ్బింది. ఆఫీసులో నవ్వేవాళ్ళు; ఆ నవ్విన వాళ్ళలో ఒక్కడికీ చొక్కా గుండీ కుట్టుకోవడం రాదు. నేను అప్పుడు మొదలుపెట్టింది నమూనా బొంత. అందులో పన్నెండు గడులు, ఒక్కో గడిలో ఒక్కో పాత పద్ధతి: మెట్లు, గాలిమర, చదరంలో చదరం, ఇలా. అమ్మ నేర్పినవి ఏడు, ఢిల్లీలో చూసి నేర్చుకున్నవి నాలుగు. పన్నెండో గడి ధాపో దగ్గర ఉంది.

ధాపో సోహ్నా వైపు పల్లెలో ఉండే ముసలావిడ. నెలకోసారి మా మార్కెట్‌కి వచ్చి దర్జీల కాళ్ళ దగ్గర పడిన ముక్కలు ఏరుకునేది. నేనూ అక్కడే ఏరుకునేవాణ్ణి. మొదటిసారి ఇద్దరి చేతులూ ఒకే ముక్క మీద పడ్డాయి.

"ఓ మద్రాసీ బాబూ, ఆడాళ్ళ గుడ్డలు నీకెందుకు?"

"మద్రాసీ కాదు తాయీ, ఆంధ్రా." తాయీ అంటే అక్కడ పెద్దమ్మ.

"అచ్ఛా. అయితే ఆంధ్రా మద్రాసీ," అని ముక్క లాక్కుంది.

ఆవిడ మూట కట్టుకొచ్చిన పాత గుదడీ మీద ఆ గడి చూశాను. గుదడీ అంటే మన బొంతే. గడి నడుమ ఒక చదరం, చుట్టూ ఎనిమిది మొనదేలిన మూలలు, ఒక్క మూల కూడా తెగకుండా అంచును తాకుతున్నాయి. ఎలా కుట్టావని అడిగితే, "నోటితో చెబితే రాదు. ఊరికి రా. కార్తీకంలో గుదడీలన్నీ బయటికి తీస్తాం. మా చిన్నోడికి వైశాఖంలో పెళ్ళి చేశా. కొత్త కోడలికి కుట్టింది కూడా చూద్దువు," అంది.

ఆ రోజుల్లో మా భయం ఎలాంటిదో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. మా ఆఫీసులో ప్రతివాడూ కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి ఒక మనిషిని తేవాలి. దాన్ని 'కేసు' అనేవాళ్ళు. తేలేనివాడు తనే చేయించుకోవాలి. పరాంకుశం గారు నన్ను పిలిచి, "ఏమోయ్ ఓబులేశూ, నెలాఖరులోగా నీ కేసు రాకపోతే నువ్వే బల్లెక్కాలి. ఇద్దరున్నారుగా, చాల్లే," అన్నారు నవ్వుతూ. నాకు కత్తంటే భయం. అన్నం గొంతు దిగేది కాదు. ఆయన్ని ఎలాగైనా మంచి చేసుకోవాలని ఆ మాటా ఈ మాటా చెబుతూ ధాపో ఊరి సంగతి వాగాను. "ఆదివారం ఆఫీసు జీపు అటే పోతోంది. బస్సుల్లో ఏం చస్తావు, నువ్వూ రా," అన్నారు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ జీపు అటు ఎందుకు పోతోందని అడగలేదు. అడగకుండా ఉండటమే తెలివి అనుకున్నాను.

ఉదయం ఎనిమిదింటికి సరోజినీ నగర్లో బయల్దేరాం. ఎనిమిదీ ఇరవైకి ధౌలా కువాఁ, తొమ్మిదింబావుకి గుడ్‌గావ్. మామూలుగా వెళ్ళేవాళ్ళు ధౌలా కువాఁలో హర్యానా బస్సెక్కి గుడ్‌గావ్‌లో దిగి, సోహ్నా బస్సు పట్టుకుని, మట్టిదారి దగ్గర దిగి రెండు మైళ్ళు నడవాలి. అప్పట్లో మొత్తం ఛార్జీ రెండు రూపాయల లోపే. ఇప్పుడు గుడ్‌గావ్ దాకా మెట్రో ఉంది. ఆ పక్కనున్నవన్నీ అద్దాల మేడలు. ఆవేళ రెండు వైపులా కంది చేలే. దారి పొడవునా పరాంకుశం గారు ఈలపాట పాడుతూ వచ్చారు. వెనక సీట్లో ఒక దుప్పటి, ఒక రిజిస్టరు, నెయ్యి డబ్బాలు రెండు ఉన్నాయి. ఆపరేషన్‌కి ఒప్పుకున్నవాళ్ళకి ఇచ్చేవి అవే. వాటిని చూశాకే నాకు అర్థమైంది. దిగిపోతానని అనలేకపోయాను.

జీపు మలుపు తిరగగానే ఊళ్ళో మగవాళ్ళు పరుగు తీశారు. అరుపూ లేదు, కేకా లేదు. గొర్రెలు చెదిరినట్టు కంది చేలలోకి దూరిపోయారు. ఒకడి చెప్పు దారి మధ్యలో ఉండిపోయింది. డ్రైవరు నవ్వాడు.

ధాపో గుమ్మంలో నిలబడి ఉంది. జీపు వైపు చూసి, నా వైపు చూసింది.

"ఇందులో వచ్చావా బాబూ?"

"అవును తాయీ."

కూర్చోమనలేదు. పరాంకుశం గారే నన్ను లోపలికి తోసి, "మావాడు గుదడీల పిచ్చోడు అమ్మా. అన్నీ చూపించు. అడుగున ఉన్నవి కూడా," అని హిందీలో అని గుమ్మానికి ఆనుకున్నారు. చీకటి గది. గోడ పక్కన నేల మీద నడుమెత్తు పేర్చిన గుదడీలు. కొత్త కోడలు మొహం మీద ముసుగు లాక్కుని మూలన నిలబడింది. ధాపో ఒక్కో గుదడీ తీసి విప్పి చూపడం మొదలుపెట్టింది. మెట్ల గడి, గాలిమర, చేప కళ్ళలాంటి గడి. నోరు వివరంగా చెబుతోంది, చేతులు మాత్రం ఒక్కో మడతకీ ఆలస్యం చేస్తున్నాయి. అయిదోది తీస్తుంటే కింది అంచు కదిలింది. కాలి బొటనవేలు ఒకటి కనబడి, లోపలికి ముడుచుకుపోయింది.

పెళ్ళయి ఏడాది తిరగని ఆ చిన్నోడు నాకు, గుమ్మంలోని ఆ మనిషికి మధ్య, మిగిలిన మూడు గుదడీల కింద ఉన్నాడు. తల్లి నా కళ్ళలోకి చూసింది. నేను నోరు తెరిస్తే నా కేసు పూర్తవుతుంది. ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను. వచ్చింది.

"ఇదే సార్ నాకు కావలసిన గడి," అని ఆ కుప్ప మీద కూర్చున్నాను. సంచిలోంచి సూదీ, ముక్కలూ తీశాను.

"ఇక్కడే కుడతావా? ఇంట్లో ఏడవరాదూ!"

"కొలత తప్పితే మూలలు కలవవు సార్. అర్ధగంట."

"మగపుటక పుట్టి సూదితో కాపురం చేస్తున్నావు కదయ్యా!"

భయం గురించి నేను చదివిన రచయితలందరూ తమ గుండె ఎలా కొట్టుకుందో రాశారు. నా తొడల కింద ఇంకొకడి గుండె కొట్టుకుంటోంది. సూదిలో దారం ఎక్కలేదు. ధాపో నా చేతిలోంచి లాక్కుని ఎక్కించి ఇచ్చింది. ఎదురుగా కూర్చుని, "చదరం ముందు పట్టు. మూలలు తరవాత. చిన్న కుట్లు వెయ్యి. కదలకు, కదిలితే పాడవుతుంది," అంటోంది. ఆ చివరి మాట నాకు ఒక్కడికే చెప్పలేదని తెలుసు. అయిదు మూలలు వేశాను. వేలు మూడుసార్లు గుచ్చుకుంది.

అప్పుడు బయట ఎవరో డ్రైవరుని పలకరించారు. పొరుగింటి రిసాల్, చెంబుతో నీళ్ళు తెచ్చాడు. భార్య పోయిన ముసలాయన. ఊళ్ళో పారిపోని మగవాడు ఆయన ఒక్కడే. తన వయసుకి ఎవరొస్తారని ఆయన ధీమా. పరాంకుశం గారు గుమ్మం వదిలి వెళ్ళారు.

"తాఊ, వయసెంత?" తాఊ అంటే అక్కడ పెదనాన్న.

"అరవై దాటాయో ఏమో సాబ్."

"యాభై అని చెప్పు. నెయ్యి డబ్బా ఇస్తాం, దుప్పటి ఇస్తాం. ఎక్కు."

"నేనా? నాకెందుకు సాబ్?" అని ఆయన నవ్వాడు. డ్రైవరు భుజం పట్టుకున్నాక నవ్వు ఆగిపోయింది. ధాపో లేవబోయి, తన వాడున్న కుప్ప వైపు చూసి మళ్ళీ కూర్చుంది. నేనూ లేవలేదు. హారను మోగాక లేచాను.

తిరుగు ప్రయాణంలో రిసాల్ నా పక్కనే కూర్చున్నాడు. చేతిలో ఆ ఖాళీ చెంబు అలాగే ఉంది. "బాబూజీ, నొప్పెడుతుందా?" అని మెల్లగా అడిగాడు.

"పెట్టదు తాఊ," అన్నాను. నాకేం తెలుసు?

పన్నెండింటికి గుడ్‌గావ్ పక్క ఆపరేషన్ల డేరాలో ఆయన్ని దించారు. రిజిస్టరులో తెచ్చినవారి పేరు అడిగితే పరాంకుశం గారు నా పేరు చెప్పారు. "పోవోయ్, నీ గండం గడిచింది," అని వీపు తట్టారు. అలా రాయొద్దని నేను అనలేదు. పెన్ను ఇస్తే సంతకం పెట్టాను. ఆ రాత్రి అన్నం గొంతు దిగింది.

తరవాతి నెల ధాపో మార్కెట్లో కనబడింది. నన్ను చూసి, ఏరిన ముక్కలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. రిసాల్ ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. రెండు రూపాయల లోపు ఛార్జీ, రెండు మైళ్ళ నడక, వెళ్ళాలంటే ఏ ఆదివారమైనా వెళ్ళగలిగేవాణ్ణి. వెళితే ధాపో ఇంట్లో నాకు మంచినీళ్ళు ఇస్తుందేమోననీ భయమే, ఇవ్వదేమోననీ భయమే. స్మృతి వ్యాసం రాసిన పెద్దమనిషీ, మీ పరాంకుశం గారు రిసాల్‌ని జీపెక్కించారు. మీ వ్యాసం మళ్ళీ అచ్చేసేటప్పుడు ఆ సంగతి చేర్చండి. పక్కన కూర్చుని నొప్పి పెట్టదన్నవాడి పేరు ఓబులేశు. అదీ చేర్చండి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. ఆ మట్టిదారి మొదట్లోనే బండి దిగి, పదకొండు గంటలకి, ఆడవాళ్ళ ఇంటిపని అయ్యాక నడిచి వెళ్ళండి. వాళ్ళు చూపించినన్ని గుదడీలే చూడండి, అడుగున ఉన్నవి తీయమని అడగకండి.