కనుమలో దించిన రాళ్ళమూట

అవి యాభైల నాటి రోజులు. మాకు పెళ్ళైన కొత్త. మావారిది కొండల్లో రాళ్ళను పరీక్షించే ఉద్యోగం. వేంపల్లె దగ్గరి పాలకొండలు ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవని, ఆ గుర్తులు చూపిస్తానని నన్నూ కొండెక్కించారు. పొద్దంతా సుత్తితో కొట్టి తీసిన రాళ్ళకు ఇంకుతో అంకెలు వేసి మూటగట్టారు. కనుమ దారిలో ఒక రాళ్ళకుప్ప పక్కన మూట దించి, నీళ్ళ కోసం ఇద్దరం వంకలోకి దిగాం.

తిరిగొచ్చేసరికి తిరునాళ్ళకు పోయే ఆడవాళ్ళు మా రాళ్ళను ఒక్కొక్కటే కళ్ళకద్దుకుని కుప్ప మీద వేస్తున్నారు! ఆ కనుమ దాటేవాళ్ళు అమ్మవారికి రాయి వేయడం ఆచారమట.

"అయ్యో, అవి సర్కారు రాళ్ళు!" అని మావారు కేక పెట్టారు.

"మూట ఈడ పెట్టి పోతే ఎట్ల నాయనా? మీ బదులు మేమే ఏస్తాండాం. శానా మోసుకొచ్చినారే, అంకెలు గూడా ఏసినారు! బిడ్డల కోసమేనా మొక్కు?" అంది ఒక అవ్వ, నన్ను ఎగాదిగా చూస్తూ. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన కుప్పలోంచి ఒక రాయి తీయబోయారు. "అమ్మకిచ్చింది ఎనక్కి తీసుకుంటాండావా?" అని అందరూ మీదికొచ్చారు. ఇక చూడండి, ఇద్దరం కొండ దిగేదాకా పరుగే!

పాప పుట్టడం కాకతాళీయమేనని ఆయన ఇప్పటికీ వాదిస్తారు. మరి మరుసటేడు పాపనెత్తుకుని అదే కనుమ దాటేటప్పుడు, దారిలో ఒక రాయి తీసుకుని, అది ఏ రకమో కూడా చూడకుండా కుప్ప మీద వేసిందెవరో!