మా అత్త ఎత్తుకున్న చెంగల్రాయుడు

మా అత్త, అంటే మా నాయన అక్క, పోయిన నెల చంద్రగిరిలో కన్నుమూసింది. శ్రీ సిటీ నుంచి కంపెనీ బస్సులో తిరుపతికి వస్తుంటే నాయన ఫోన్ చేశాడు. "అక్క పోయిందిరా" అన్నాడు. ఆ తర్వాత ఫోను పెట్టలేదు. బస్సు రొదలో ఆయన ఊపిరి వింటూ కూర్చున్నాను.

అత్తకు పిల్లలు లేరు. మామ పోయాక కూడా తన ఇల్లు వదిలి రానని పట్టుబట్టింది. నోరు పెద్దది, పెట్టే చెయ్యి అంతకంటే పెద్దది. ఎవరింటికి వెళ్లినా ముందు వంటింట్లో దూరి మూతలు తీసి చూసేది. "ఈ రోంత కూర ఎవురికి సాలతాది?" అని మా ఆవిడను ఎన్నిసార్లు ఉడికించిందో! అలసంద వడలు మాత్రం ఆమె చేస్తేనే తినాలి.

ఆదివారాల్లో వంశవృక్షం గీసే పిచ్చి ఒకటి నాకుంది. మా ఇంట్లో కొత్త పేర్లకు కరువు. తాత పేరు మనవడికి పెట్టాల్సిందే. ముత్తాత చెంగల్రాయుడు, తాత మునెప్ప, నాయన మళ్లీ చెంగల్రాయుడు. ఏ కథ ఏ చెంగల్రాయుడిదో తేలక అత్త దగ్గరికి పోయేవాణ్ణి. ఆమె ఓపిగ్గా విడదీసి చెప్పేది. కానీ కొన్ని కథలు ఎవరికీ అతకలేదు. వాటిలోని పిల్లవాడు ఎడమచేత్తో తినేవాడు, ఎడమచేత్తోనే రాళ్లు విసిరేవాడు. నాయనది కుడిచేతివాటం. ముత్తాత అత్త పుట్టకముందే పోయాడు. వయసు మీదపడి అత్తకు అంతా కలగాపులగం అవుతోందనుకున్నాను.

ఒకసారి నేను గీసిన కాగితం ఆమె ముందు పరిచాను. నాయన పేరు పక్కన వేలు పెట్టింది.

"ఈడ ఇంగో గీత గియ్యి" అంది.

"ఎవరికత్తా?"

"మీ నాయన కంటే ముందు ఒగడు పుట్టినాడు. వాడూ చెంగల్రాయుడే. సంకనేసుకోని తిరిగినాను. జొరమొచ్చి పోయినాడు. మళ్లా మీ నాయన పుడితే, వాడే తిరిగొచ్చినాడని మా అమ్మ ఆ పేరే పెట్టింది. ఆపొద్దు నుంచి పెద్దోడి మాట ఇంట్లో ఎవురూ ఎత్తలేదు."

పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం మావైపు ఉన్నదే. పెట్టాక మొదటివాడి ఊసెత్తకూడదు, రెండోవాడికి మంచిది కాదంటారు. పేరు తమ్ముడిదైపోయింది. ఆ పిల్లవాడు అత్త మనసులో మాత్రమే మిగిలాడు.

"అందరికీ వాడే వీడు. నాకు మాత్రం ఇద్దురు" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను పోతే, వాడొకడు ఉన్నాడని ఎవురికి తెలస్తాది అబ్బోడా? మీ నాయనకు మాత్రం సెప్పబాక. కష్టపెట్టుకుంటాడు."

చెప్పనని మాటిచ్చాను. అప్పుడు నాకు పెద్దల అమావాస్య గుర్తొచ్చింది. ఏటా మా ఇంట్లో పెద్దలకు ఆకు వేసి అన్నీ వడ్డించాక, అత్త ఒక వడ తీసి ఎడమ అంచున విడిగా పెట్టేది. ఎందుకని అడిగితే కసిరేది. ఆరోజు కసరలేదు.

"పసిబిడ్డలకు ఆకెయ్యరు గదా. అందుకే పెద్దోళ్ల ఆకులోనే వాడికొగటి" అంది.

ఇంటికొచ్చి రెండో గీత గీశాను. ఊరంతా మరిచిపోయిన ఒక పెదనాయనను అత్త నాకిచ్చింది. అందుకు ఆమెకు ఎంతో రుణపడ్డాను. ఆ కాగితం నాయనకు ఎప్పుడూ చూపించలేదు.

కర్మ రోజు అత్త ఇంట్లోనే ఆమెకు ఆకు వేశాం. మా ఆవిడ అన్నీ వడ్డించింది. ఎడమ అంచు ఖాళీగా ఉంది. నాయన పక్కనే నిలబడ్డాడు. ఆయన చూస్తుండగా పెట్టలేక, పెట్టకుండా ఉండలేక, వడల గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

నాయన వంగి గిన్నెలోంచి ఒక వడ తీశాడు. ఎడమ అంచున పెట్టాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను.

"నాకెప్పుడో తెలుసురా. మా అమ్మ పోయేముందు సెప్పింది" అన్నాడు. "అడిగితే అక్క ఏడస్తాదని ఊరకున్నా."

తర్వాత ఆ వడను వేలితో ఇంకాస్త ఇవతలకు, పసివాడి ఎడమచేతికి అందేటట్టు జరిపాడు.