సభ స్తోత్రం అంటుండగా నా మాట పోయింది

ఆ ఆదివారం కుందలహళ్ళిలోని మా తెలుగు సంఘంలో ముగింపు ప్రార్థనకు లేచాను. మొదటి వాక్యం సక్రమంగా వచ్చింది. రెండవ వాక్యంలో నేను ఉద్దేశించిన మాట ఒకటి, నోటి నుండి వెలువడిన శబ్దం మరొకటి. సరిదిద్దుకోబోయిన కొద్దీ అర్థంలేని అక్షరాలే వచ్చాయి. మా సంఘంలో కొందరు ఆత్మావేశంలో, ఎవరికీ అర్థంకాని అన్యభాషల్లో ప్రార్థిస్తారు. ఇన్నేళ్ళకు నాకూ ఆ వరం దిగివచ్చిందనుకొని సభ అంతా చేతులెత్తి స్తోత్రం చెప్పసాగింది. యువకుడైన మా పాస్టరుగారు కీబోర్డు శబ్దం పెంచమని సైగ చేశారు. నా కుడిచేతిలోని బైబిలు జారి నేలపై పడినా ఎవరూ కదలలేదు.

కదిలినది నా భార్య సరోజమ్మ ఒక్కతే. స్త్రీల వరుసలోంచి వచ్చి నా ముఖం పరిశీలించి, పాస్టరుగారితో అన్నది: "మూతి వంకర పోయుండాది, చూడండప్పా. ఇది ఆత్మ కాదు. కారు తీయండి."

కారు దగ్గర కూడా ఇద్దరు పెద్దలు, తలమీద చేతులుంచి ప్రార్థించాకే పంపుతామని మమ్మల్ని ఆపారు. ఆ సంగతిని తరువాత నా డైరీలో ఎడమచేతితో నమోదు చేశాను. నేటికీ ఆ ఫిర్యాదు కొట్టివేయలేదు.

వైట్‌ఫీల్డ్‌లోని ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసి, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. "మెదడులో లెఫ్ట్ సైడ్ స్ట్రోక్. ఇంకాస్త ఆలస్యమైతే ఈ ఇంజెక్షన్ ఇవ్వలేకపోయేవాళ్ళం," అన్నారు న్యూరాలజిస్టు. చేయి త్వరగానే తేరుకుంది. మాట రాలేదు. దాని పేరు అఫేసియా అట. అన్నీ అర్థమవుతాయి, చెప్పవలసిన మాట మాత్రం దొరకదు. "మీరు నోరు మూసుకొని వినేది ఇదే మొదలు," అని సరోజమ్మ నన్ను నవ్వించబోయి, తానే కళ్ళు తుడుచుకున్నది.

బాప్తిస్మం తీసుకోబోయేవారికి వాక్యపఠనం, ప్రార్థన, ఉపవాసం, మౌనధ్యానం అభ్యాసం చేయించే తరగతి నాది. నేను ఇంటికి చేరగానే పాస్టరుగారు వచ్చి దానిని మరొకరికి అప్పగిస్తామన్నారు. "రెస్ట్ తీసుకోండి అంకుల్. ప్రార్థన నేర్పేవాళ్ళు ప్రార్థన చేయగలగాలి కదా." నాకు ఒళ్ళు మండిపోయింది.

స్పీచ్ థెరపిస్టు ఒక కన్నడిగురాలు. చిన్ననాడు కంఠస్థం చేసినదేదైనా చెప్పమన్నారు. ప్రభువు నేర్పిన ప్రార్థన మొదటి నుండి చివరి వరకు తడబాటు లేకుండా వచ్చింది. ఫోనులో ఉన్నదానికి కంఠస్థం దేనికని తరగతిలో యువకులు నాతో వాదించేవారు. ఆ వాదం నేను ఆ గదిలో గెలిచాను. వెంటనే ఆమె నా భార్య పేరు అడిగారు. అది రాలేదు.

"ఇందాక వచ్చింది ఆటోమేటిక్ స్పీచ్ సార్, అలవాటుకొద్దీ దానంతటదే వచ్చేది. సొంత మాటకు వేరే దారి వేసుకోవాలి. రోజూ వేయాలి."

రోజూ చేయవలసినది రోజూ చేయడమే కదా నేను బోధించినది! కీర్తన పాడి, పాట మధ్యలో ఆపి, ఒక్క మాటను విడిగా పలికేవాణ్ణి. అధ్యాయం బదులు ఒక్క వచనం చదివేవాణ్ణి. పట్టుదలతో శుక్రవారపు ఉపవాసం కూడా మళ్ళీ మొదలుపెట్టాను. షుగర్ మాత్ర వేసుకొని భోజనం మానినందున సొమ్మసిల్లి పడ్డాను. "ఉపవాసం మీ దేవుడు అడిగాడా, మీరే పెట్టుకున్నారా?" అని ఎమర్జెన్సీలో డాక్టరు గద్దించారు. ఇప్పుడు శుక్రవారాలు అన్నం మానను, ఫిర్యాదులు మానుతాను. ఇదే కఠినమైన ఉపవాసమని సరోజమ్మ అంటుంది.

తరగతికి వెళ్ళడం మాత్రం మానలేదు. కొత్తవారి మధ్య కూర్చొని, వారితోపాటు మొదటి నుండి నేర్చుకున్నాను. వారి బాప్తిస్మం నాడు పాస్టరుగారు ప్రార్థనకు మరొకరిని పిలవబోతుండగా నేను లేచాను. మాట కోసం ఆగాను. ఈసారి ఎవరూ తొందరపడి స్తోత్రం అనలేదు.

"తండ్రీ... వీళ్ళు నీవాళ్ళు. నేనూ... నీవాణ్ణే."

కంఠస్థం చేసినవి కావు, నా సొంత మాటలు. మొదటి ఆమేన్ సరోజమ్మది. పాస్టరుగారు నా చేయి పట్టుకొని, "వచ్చే ఆదివారం నుంచి తరగతి మీదే అంకుల్," అన్నారు.

ఇప్పుడు నెమ్మదిగా బోధిస్తాను. నా మాట కోసం ఆగడంలోనే వారికి మౌనం అలవడుతున్నది. మొదటి పాఠం మాత్రం మార్చాను. ఎవరికైనా హఠాత్తుగా మాట చెదిరినా, మూతి వంకరపోయినా, ఒక చేయి వాలిపోయినా, ఏ ఒక్కటైనా చాలు, వెంటనే స్ట్రోకు చికిత్స ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి. ప్రార్థన కారులో చేయవచ్చు.