ఒంటె నోట్లోంచి పేగు జారిందనుకున్నా

చమురు డబ్బుతో దోహాలో ఎటు చూసినా కొత్త మేడలు లేస్తున్న రోజులవి. నేను ఊరవతల ఒక షేక్ గారి ఒంటెల కొట్టంలో పనికి చేరాను. అక్కడి మగ ఒంటె ఒకటి ఎండాకాలమంతా మేకపిల్లలా నా వెంటే తిరిగేది.

చలి మొదలైన కొత్తలో ఒకరోజు పొద్దున్నే వెళ్లేసరికి, దాని నోటి పక్క నుంచి ఎర్రటి సంచి ఒకటి వేలాడుతోంది. గడగడమని చప్పుడు, మూతినిండా నురగ. నా పైప్రాణాలు పైనే పోయాయి. మా ఊళ్లో ఈనిన బర్రెకు గర్భసంచి జారితే తడిబట్టతో లోపలికి నెట్టేవాళ్లు. అదే గుర్తొచ్చి, తువ్వాలు తడిపి ఒంటె మీదికి ఉరికాను.

"అరే మల్లేశం, పోకు! కొరికితే చెయ్యి ఊడుతది!" ఒంటెల నెత్తురు పరీక్షలకు వచ్చే హైదరాబాదీ డాక్టర్ సాబ్ నన్ను వెనక్కి గుంజాడు. "అది పేగు కాదు, దాని అంగుడు, నోట్ల మీదుండే మెత్తటి తోలు. గాలితోటి ఉబ్బిచ్చి ఆడొంటెలను పిలుస్తున్నది. చలికాలమే వీటికి జతకట్టే కాలం. ఇప్పుడు వీడు పెళ్లికొడుకు!"

అంతలో ఆ సంచి సర్రున లోపలికి పోయింది. నేను తడి తువ్వాలుతో అట్లాగే నిలబడిపోయాను.

"చలికాలమొచ్చిందని దీనికెవలు చెప్పిన్రు సాబ్?"

"పొద్దు చెప్పింది. పగలు కురచయితే కన్ను పసిగడతది, మెదడుకు చెప్తది. నెత్తుర్ల మగ హార్మోన్ పెరుగుతది. మేం సీసాలల్ల వెతికేది గదే."

నేనూ రోజూ పొద్దు వంకే చూసేవాణ్ణి, డ్యూటీ ఎప్పుడైపోతుందా అని. పగలు తరిగిపోతోందని నాకు తట్టనే లేదు. ఒంటె నెత్తురుకు మాత్రం తెలిసిపోయింది.